తిరుగుతోందాండీ?

మొన్న పొద్దున పేపరు చదువుతూ కాఫీ ఒలకబోసుకున్నాను. లోపలి పేజీలో, అదీ అడుగున, ప్రకటనల పక్కన ఇరికించిన చిన్న వార్త అది. పైదేశంలో ఎక్కడో చిన్న చిన్న ఊళ్ల మధ్య తిరగడానికి కొత్త రైళ్లు దించుతున్నారట. పైన తీగ ఉన్నంత దూరం కరెంటు మీద పోతాయట. తీగ అయిపోయిన చోటి నుంచి డీజిలు మీద పోతాయట. స్టేషను దగ్గర పడ్డాక పొగ రాకుండా బ్యాటరీ మీద పోతాయట. అన్నీ ఒకే బండిలో. మధ్యలో ఇంజను మార్చడం లేదు, ఆగడం అసలే లేదు.

మరక తుడవకుండా అలాగే కూర్చుండిపోయాను. ముప్పై ఏళ్లు పిల్లలకి సైన్సు చెప్పి రిటైరైనదాన్ని నేను. నోటి దురుసని మా ఇంట్లో అందరూ అంటారు, కాదనను. ఆ నోటితోనే ఒక పెద్దమనిషిని పట్టుకుని "అలాంటి రైలు ప్రపంచంలో ఎక్కడా ఉండదండీ" అని కొట్టిపారేశాను. అడ్డంగా, గట్టిగా, సుద్దముక్క చేతిలో ఉన్నంత ధీమాగా. ఆయన ఇప్పుడు లేరు. ఉంటే ఆ నిమిషమే ఆ పేపరు ముక్క పట్టుకుని బస్సెక్కేసేదాన్ని.

ఆయన్ని బాబాయిగారు అనేదాన్ని. చుట్టరికం ఏమీ లేదు. మాది రామచంద్రపురం. తొంభైల మొదట్లో గోదావరి దాటి, అమలాపురానికీ ముక్తేశ్వరానికీ మధ్య ఒక ఊరి హైస్కూల్లో ఉద్యోగంలో చేరాను. వాళ్లింట్లో ముందు రెండు గదులు అద్దెకి దొరికాయి. ఆయన ఆ ఊరి రైసుమిల్లులో ఇంజను డ్రైవరు. సన్నగా, పొడుగ్గా, చేతుల బనీనుతో, భుజం మీద నూనె గుడ్డతో ఉండేవారు. పండగనాడు కొత్త చొక్కా తొడిగినా ఆ గుడ్డ మాత్రం భుజం దిగేది కాదు.

నేను సామాను దింపుకుంటుంటే దగ్గరకొచ్చి, చేతులు జోడించి, "తిరుగుతోందాండీ?" అన్నారు.

నాకేం అర్థం కాలేదు. "ఏమిటండీ తిరిగేది?" అన్నాను.

"అన్నీనండి" అన్నారాయన, ఎంతో మర్యాదగా.

లోపలి నుంచి వాళ్లావిడ, పిన్నిగారు, నవ్వుకుంటూ వచ్చి విడమరిచి చెప్పారు. "కులాసాగా ఉన్నారా అని అడుగుతున్నారమ్మా. లోకంలో అందరికీ ఒక మాటుంటే ఈయనకి ఇదొక మాట. అలవాటు పడిపోతావులే."

అలవాటు పడిపోయాను. ఊరు ఊరంతా పడిపోయింది. దారిలో కరణంగారు ఎదురైనా తిరుగుతోందాండీ, ఆసుపత్రిలో డాక్టరుగారికి చెయ్యి చూపిస్తూ కూడా తిరుగుతోందాండీ. బాలెంతరాలి ఇంటికి వెళ్లి ఉయ్యాల్లోకి తొంగి చూసి అదే మాట. చావింటికి వెళ్లినప్పుడు మాత్రం ఒక్క ముక్క మాట్లాడేవారు కాదు. గోడవారగా కూర్చుని భుజం మీద గుడ్డ తీసి మడత పెట్టేవారు, విప్పేవారు, మళ్లీ మడత పెట్టేవారు.

ఇంకో అలవాటు ఉండేది. తిరిగే వస్తువు ఏది కనిపించినా దాని మీద అరచెయ్యి ఆనించేవారు. మా మిక్సీ మీద, మా ఆయన స్కూటరు మీద, స్కూలు బోరింగు మోటారు మీద. కళ్లు మూసుకుని ఓ నిమిషం ఉండి, "బేరింగు మూలుగుతోందండి, వారంలో కూర్చుంటది" అనేవారు. అన్నట్టే వారంలో కూర్చునేది. మా మిక్సీ కాలిపోయినప్పుడు నేను ఆయన మీదే విసుక్కున్నాను, నోటి వాక్కు తగిలిందని. ఆయన నొచ్చుకోలేదు. "ఆయ్, నేను అనకపోయినా పోయేదండి" అన్నారు.

ఆయన పని నేను కళ్లారా చూసింది ఒక వేసవిలో. ఆవకాయల రోజులు. కారం పట్టించుకుందామని మిరపకాయలు తీసుకుని మిల్లుకి వెళ్లాను. అప్పుడు కరెంటు కోతలు. ఎప్పుడు పోతుందో, ఎప్పుడొస్తుందో ఆ దేవుడికే తెలియాలి. మిల్లులో పైన పొడుగ్గా ఒక ఇనప షాఫ్టు తిరుగుతుండేది. బియ్యం ఆడే మర, పిండి మర, జల్లెళ్లు అన్నీ దాని మీద ఆధారపడ్డవే. ఆ షాఫ్టుని తిప్పడానికి ఒక పక్క కరెంటు మోటారు, ఇంకో పక్క పాతకాలం ఆయిలింజను. దేని బెల్టు దానిదే.

నేను తుమ్ముతూ నిలబడి ఉన్నాను. బాబాయిగారు బల్బు కేసి చూస్తున్నారు. ఉన్నట్టుండి బల్బు రవ్వంత ఎర్రబడింది. నాకు కనబడనే లేదు, ఆయన తర్వాత చెబితే తెలిసింది. అంతే, ఒక్క అంగలో వెళ్లి ఇంజను తిప్పేశారు. అది దగ్గి, తుమ్మి, ఢుక్ ఢుక్ మని అందుకుంది. సరిగ్గా అప్పుడు బల్బు ఆరిపోయింది. ఆయన ఎడం చేతి కర్రతో మోటారు బెల్టుని పక్కకి తోసి, కుడి చేతి కర్రతో ఇంజను బెల్టుని చక్రం మీదకి ఎక్కించారు. జారకుండా గుప్పెడు గుగ్గిలం పొడి చల్లారు. షాఫ్టు ఆగలేదు. మర ఆగలేదు. నా కారం పడుతూనే ఉంది.

"చూసేరాండీ?" అన్నారు, చెమట తుడుచుకుంటూ. "దానికి తెలీదండి, ఊపిరి మారిందని. కరెంటొక ఊపిరి, డీజిలొక ఊపిరి. షాఫ్టు ఆగితే మళ్లీ అందుకునేలోపు గింజ నలిగి నూకైపోద్దండి. రైతు ఉసురు తగుల్తది."

నిజం చెప్పాలి, నాకు ముచ్చటేసింది. అయినా పైకి చెప్పలేదు, తుమ్ములు అడ్డొచ్చాయి.

ఇంతకీ ఆ పెద్దమనిషి అసలు పిచ్చి మిల్లు కాదు, రైలు. జన్మలో రైలెక్కని మనిషి. కానీ రాజమండ్రి నుంచి ఏ బండి ఎన్నింటికి బయల్దేరుతుందో, ఏ స్టేషన్లో ఎంతసేపు ఆగుతుందో ఆయన్ని అడగాల్సిందే. రైల్వే టైంటేబుల్ పుస్తకాలు దొంతరగా పెట్టుకునేవారు. ఊళ్లో ఎవరు మద్రాసు వెళ్లాలన్నా, దుబాయి వీసా కోసం బొంబాయి వెళ్లాలన్నా ముందు మా అరుగు మీదకొచ్చేవారు. ఆయన పుస్తకం తెరవకుండానే చెప్పేవారు. "నడిచే బండి కుడి పక్క కూర్చోండి బాబూ, పొద్దుటెండ తగలదు" అని కూడా చెప్పేవారు. ఎక్కని బండిలో ఎండ ఎటు పడుతుందో ఆయనకెలా తెలుసని నేను అడిగితే, "దిక్కులు మారవు కదండీ" అన్నారు.

ఎందుకెక్కలేదో పిన్నిగారు ఒక మధ్యాహ్నం చిక్కుడుకాయలు ఒలుస్తూ చెప్పారు. ఆవిడ పుట్టిల్లు సామర్లకోట, స్టేషనుకి కూతవేటు దూరం. రైలు కూత వింటూ పెరిగిన పిల్ల. పెళ్లిలో అప్పగింతలప్పుడు ఆవిడ మేనత్త ఒకావిడ, "పిల్లని రైలు లేని దేశానికి ఇచ్చేం, ఇంక దాని కూత మనకి వినపడదు, మన కూత దానికి వినపడదు" అని అందరి ముందూ ఏడ్చేసిందట. కొత్త పెళ్లికొడుక్కి రోషం వచ్చింది. "మా ఊరికి రైలొస్తది. మీ అమ్మాయికి మా పెరట్లోనే కూత వినిపిస్తాను. అందాకా నేను రైలెక్కను" అని పందిట్లోనే అనేశారట.

"అన్నది ఆయనమ్మా. ఎక్కనిది మాత్రం ఇద్దరం. ఆయన ఎక్కకుండా నేనెలా ఎక్కను? పుట్టింటికి కూడా బస్సులోనే, వాంతులు చేసుకుంటూ" అన్నారు పిన్నిగారు.

"మరి తిట్టలేదాండీ?"

"తిట్టకేం, వారానికోసారి తిడతాను. ఆయన మాత్రం ఆయ్ అంటారు."

పంతం అంతటితో ఆగిందా? ఎప్పుడో సర్వేవాళ్లు వచ్చి కోనసీమ రైలుకి కొలతలు కొలిచి, వాళ్ల పెరట్లో ఒక రాయి పాతి వెళ్లారు. ఆ రాయి మొదలుకుని దొడ్డి చివరి దాకా రెండు బారల వెడల్పున నేలని ఆయన ఖాళీగా వదిలేశారు. కోనసీమలో అరచేతిలో మన్నున్నా కొబ్బరిమొక్క పాతేస్తారు. అలాంటి చోట అటు కొబ్బరి, ఇటు కొబ్బరి, మధ్యన మాత్రం నున్నగా తుడిచిన నేల. "పట్టాల జాగా అండి" అనేవారు. బచ్చలి తీగ పాకినా పీకి అవతల పారేసేవారు. పిన్నిగారు అక్కడ వడియాలు పెట్టుకోవడానికి మాత్రం ఆయన ఒప్పుకున్నారు. రైలొచ్చేసరికి ఎండిపోతాయిలే అని.

ఇక నా తప్పు దగ్గరకొస్తాను.

ఒక ఆదివారం పొద్దున్నే బాబాయిగారు క్యాలెండరు కాగితం ఒకటి చుట్టచుట్టి పట్టుకొచ్చారు. వెనకవైపు పెన్సిలుతో రైలు బొమ్మ. పైన తీగ, తీగకి తగిలే కొక్కెం. కింద పెట్టెలో ఆయిలింజను, అచ్చం మిల్లులో ఉన్నలాంటిదే. పక్కన గ్యాసు సిలిండరు. వెనక నలుగురు మనుషులు బండిని తోస్తున్నారు.

"ఇదేంటండీ?" అన్నాను.

"మన రైలండి. మీరు ఇంగ్లీషులో రైల్వేవాళ్లకి ఉత్తరం రాసిపెట్టాలి." అరుగు మీద కూర్చోకుండా, పిల్లాడు పాఠం అప్పజెప్పినట్టు నిలబడే చెప్పుకొచ్చారు. "రైలెందుకు రావట్లేదంటే ఖర్చంటన్నారు కదండీ. గోదారి మీద వంతెనలు ఎలాగూ కట్టాలి, తప్పదు. మరి తీగలెందుకండీ మనకి? తీగలున్నంత దూరం బండి కరెంటు మీద వచ్చేస్తది. అవి అయిపోయిన దగ్గర డ్రైవరు బెల్టు మార్చుకుంటాడు. డీజిలు మీద మన ఊరొచ్చేస్తది. మన భూమిలో గ్యాసుందంటన్నారు, అది మూడో ఊపిరి. బండి ఆగక్కర్లేదండి."

"ఈ తోసేవాళ్లెవరు?"

"మనవాళ్లేనండి. అన్నీ పోతే దిగి తోస్తారు. అదీ ఒక పవరే కదండీ."

నేను పడీపడీ నవ్వాను. ఆయనా నవ్వారు. అంతవరకూ బాగానే ఉంది. "ఉత్తరం ఎలా మొదలెట్టాలో కూడా అనుకున్నానండి. 'అయ్యా, తిరుగుతోందాండీ?' అని" అన్నారు. అధికార్లకి ఉత్తరాలు అలా రాయరని కసిరాను. సరేనన్నారు. అప్పుడు నాలో సైన్సు టీచరు లేచింది. ఒక బండి మీద రెండేసి ఇంజన్లు పెడితే దాని బరువు అదే మొయ్యలేదన్నాను. అలాంటి రైలు ప్రపంచంలో ఎక్కడా లేదన్నాను, ఉండదన్నాను. ఏ పుస్తకం చూసి అన్నానో నాకే తెలియదు. "రైలంటే మీ రైసుమిల్లు కాదు బాబాయిగారూ. రాస్తే నన్ను చూసి నవ్వుతారు" అని ముగించాను.

ఆయన ఒక్క క్షణం నా వంక చూశారు. "ఆయ్. చదువుకున్నోరు, మీకు తెలుస్తదండి" అన్నారు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బనీను లోపల దోపుకున్నారు. ఆ తర్వాత ఎన్నడూ దాని ఊసెత్తలేదు. మర్నాడు పొద్దున మామూలుగానే "తిరుగుతోందాండీ?" అన్నారు. నేను మామూలుగానే "తిరుగుతోందండీ" అన్నాను. నా బుద్ధికి అంతకు మించి తట్టలేదు.

రెండువేలు దాటిన నాలుగైదేళ్లకి కోటిపల్లి దాకా రైలుబస్సు వేశారు. కాకినాడ నుంచి మా రామచంద్రపురం మీదుగా, ఒకే పెట్టెతో, బస్సుకెక్కువ రైలుకి తక్కువ అన్నట్టుండేది. కోటిపల్లి అంటే గోదావరికి ఆ ఒడ్డు. ఈ ఒడ్డు ముక్తేశ్వరం. మధ్యలో పంటు పడవ మీద దాటాలి.

పిన్నిగారు చీర మార్చుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. "నేను ఎక్కుతాను" అన్నారు.

"అది గోదారి అవతలే. మన లెక్కలోకి రాదు" అన్నారు బాబాయిగారు.

"మీ లెక్కలోకి రాదేమో, నా లెక్కలోకి వస్తది. నలభై ఏళ్లు మీ లెక్కలో ఉన్నాను. ఈ ఒక్క పూటా టీచరమ్మ లెక్కలో ఉంటాను."

ఆయన కాసేపు గుడ్డ మడతపెట్టి, విప్పి, "పదండి మరి, నేనూ చూస్తాను. ఎక్కను" అన్నారు.

ముగ్గురం ఆటోలో ముక్తేశ్వరం వెళ్లి పంటెక్కాం. కోటిపల్లి స్టేషన్లో బండి నిలబడి ఉంది, ఇంజను గురగురలాడుతోంది. బాబాయిగారు తిన్నగా వెళ్లి దాని పక్కకి అరచెయ్యి ఆనించారు. కళ్లు మూసుకున్నారు. నలభై ఏళ్లు టైంటేబుల్లో చదివిన వస్తువుని ఆ పూట ముట్టుకున్నారు. ఆ ముఖం నేను మర్చిపోలేను. నాకు ఏడుపొచ్చింది, పక్కకి తిరిగాను.

డ్రైవరు దిగి బీడీ కాల్చుకుంటున్నాడు. బాబాయిగారు అతనికి నమస్కారం పెట్టి, "తిరుగుతోందాండీ? ఇది కరెంటు మీద కూడా తిరుగుతదాండీ?" అని అడిగారు.

"లేదండీ, ఉత్త డీజిలే. రెండూ ఉండవు కదండీ" అన్నాడతను.

బాబాయిగారు నా వైపు తిరిగారు. "టీచరమ్మగారు అప్పుడే చెప్పేరు లెండి" అన్నారు. అందులో ఎత్తిపొడుపు లేదు, నా మీద గౌరవమే. ఎత్తిపొడిచినా బాగుండేది, బాకీ తీరిపోయేది.

మేమిద్దరం ఎక్కి కిటికీ దగ్గర కూర్చున్నాం, ద్రాక్షారామం దాకా వెళ్లి తర్వాతి బండికి తిరిగొద్దామని. బండి కదిలింది. ఆయన చెయ్యి తియ్యలేదు. బండితో పాటే నడిచారు, తర్వాత పెద్ద అంగలు వేశారు, తర్వాత లుంగీ ఎగ్గట్టి పరిగెత్తారు. ప్లాట్‌ఫారం అయిపోయేదాకా ఆ అరచెయ్యి పెట్టెనే అంటుకుని ఉంది. పిన్నిగారు కిటికీలోంచి సగం బయటికి వంగి, "పడిపోతారు, ఆగండి!" అని అరుస్తున్నారు, నవ్వుతున్నారు, కళ్లు తుడుచుకుంటున్నారు. బండి కూత వేసింది. ఆవిడ ఠక్కున నిటారుగా కూర్చుని కొంగు సర్దుకున్నారు. "మా సామర్లకోట కూత కాదు గానీ, ఫరవాలేదు" అన్నారు.

తిరిగొచ్చేసరికి ఆయన అదే చోట కూర్చుని ఉన్నారు. "ఎలా ఉందే?" అన్నారు. "కుదుపు ఎక్కువ. అచ్చం మీ మిల్లులాగే" అన్నారు పిన్నిగారు. ఆయనకి ఆ మాట ఎంత నచ్చిందంటే, పంటు మీద వస్తూ ఎక్కినవాళ్లందరికీ చెప్పారు.

తర్వాత నాకు కాకినాడ బదిలీ అయింది. మిల్లు మూతబడింది. నాలుగేళ్లకి బాబాయిగారు పోయారు. మధ్యాహ్నం భోంచేసి, ఫ్యాను కింద నడుం వాల్చి, ఇంక లేవలేదు. ఆ పూట కరెంటు పోలేదట, ఫ్యాను తిరుగుతూనే ఉందట. నేను వెళ్లేసరికి ఆలస్యమైంది. రైలు ఆయన పెరట్లోకి రాలేదు, ఆయన రైలెక్కలేదు.

ఇదంతా తలుచుకుంటూ మరక పేపరు ముందు ఎంతసేపు కూర్చున్నానో. చివరికి ఆ వార్త కత్తిరించి పర్సులో పెట్టుకుని బస్సెక్కేశాను. ఆయన లేకపోతే పిన్నిగారున్నారు కదా.

ఆవిడకిప్పుడు ఎనభై దాటాయి. చూపు మందగించింది, నోరు మాత్రం అలాగే ఉంది. చుట్టుపక్కలంతా కొబ్బరి కాసేసి ఉంది, మధ్యన ఆ రెండు బారల నేల ఇంకా నున్నగానే ఉంది. వడియాలు ఎండుతున్నాయి. నేను వార్త చదివి వినిపించాను. ఆవిడ మళ్లీ చదవమన్నారు. రెండోసారి చదివాక లోపలికి వెళ్లి టైంటేబుల్ పుస్తకం ఒకటి తెచ్చారు. అందులోంచి నాలుగు మడతల క్యాలెండరు కాగితం తీసి, పేపరు ముక్క పక్కన పరిచారు.

పేపర్లో బండికి పైన తీగ, కింద డీజిలు ట్యాంకు, పక్కన బ్యాటరీ. ఈయన బొమ్మలో పైన తీగ, కింద ఇంజను, పక్కన సిలిండరు. సిలిండరూ, తోసే జనమూ తప్ప అంతా అదే.

"ఊపిరి మార్చేటప్పుడు ఆగక్కర్లేదా?" అని అడిగారు పిన్నిగారు.

"ఆగక్కర్లేదండీ."

ఆవిడ గోడ మీద ఫొటో వైపు తిరిగి, పెరట్లో ఉన్న మనిషిని పిలిచినట్టు, "ఏవండోయ్! తిరుగుతోందంట!" అన్నారు.

"నేను తప్పు చెప్పానని కూడా చెప్పండి పిన్నిగారూ" అన్నాను.

"అది ఆయనకి ఆ రోజే తెలుసమ్మా. లోపలికొచ్చి నాతో అన్నారు. 'టీచరమ్మగారు పొరబడ్డారే. అయినా వందమంది పిల్లలకి చెప్పే మనిషి, ఆవిడకి మనం ఎదురు చెప్పకూడదు' అని. మరొకళ్ల చేత రాయించుకోండి అన్నాను. 'ఆవిడకి తెలిస్తే చిన్నతనంగా ఉంటది' అన్నారు. అంతే, దాచేసేరు."

ఇన్నేళ్లూ నాకు చిన్నతనం అవుతుందని ఆ కాగితం పుస్తకంలో పడుంది. ఆయన మర్యాద మీద నాకు మండుకొచ్చింది, నా మీద అంతకు పదింతలు మండుకొచ్చింది. కాసేపు కిటికీ బయట ఆ ఖాళీ నేలనే చూశాను.

"ఒక తెల్లకాగితం ఉందా పిన్నిగారూ?" అన్నాను.

"ఇప్పుడెవరికమ్మా?"

"రైల్వేవాళ్లకి."

ఆవిడ వెతికి మనవడి నోటుపుస్తకం లోంచి ఒకటి చింపి ఇచ్చారు. నేను కళ్లజోడు పెట్టుకుని పెన్ను తీశాను. ఆవిడ ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నారు.

"ఆయన ఎలా మొదలెట్టమన్నారో గుర్తుందా? ఈసారి కసరకుండా అలాగే రాయి" అన్నారు.

అలాగే రాశాను. అయ్యా, తిరుగుతోందాండీ?